కుడి నుండి ఎడమకు: సూరత్ లిపులు, స్మార్ట్‌ఫోను నేర్చిన పాఠం

తపతీ నది సాగరంలో సంగమించే చోటికి కొద్ది మైళ్ళ ఎగువన వెలసిన సూరత్ నగరం పేరు వినగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది చీర, ఆ తరువాత వజ్రం. ప్రభుత్వ రంగ సంస్థలలో పనిచేసేవారికి ఇంకొక పేరు కూడా స్ఫురిస్తుంది. అది హజీరా. దేశపు ఉత్తర భాగానికి సహజ వాయువును చేరవేసే హజీరా–విజయపూర్–జగదీశ్‌పూర్ గొట్టపు మార్గం మొదలయ్యేది అక్కడే. ఓ.ఎన్.జి.సి. వారి వాయు శుద్ధి కేంద్రమూ, కవాస్‌లోని ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రమూ ఆ పరిసరాలలోనివే. బదిలీలపై ఆ ప్రాంతంలో కొంతకాలం గడిపి వచ్చిన మిత్రులు మన పాఠకులలోనూ ఉంటారు.

ఈ వ్యాసంలో మేము పాఠకుల దృష్టికి తేదలచినది ఆ నగరానికి చెందిన మరొక విశేషం. కుడి నుండి ఎడమకు వ్రాసే ఇన్ని లిపులకు శతాబ్దాలుగా ఆశ్రయమిచ్చిన నగరాలు మన దేశంలో అరుదు. ఆ లిపులు నేడు అరచేతిలోని స్మార్ట్‌ఫోనులో ఎట్లా ఇమిడినవి, అందుకు ఎంతకాలం పట్టింది, ఆ కృషి వలన మన తెలుగుకు కలిగిన మేలు ఏమిటి, ఇంకను మిగిలి ఉన్న పని ఏమిటి అనే విషయాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

తపతీ తీరాన లిపుల సంత

మొగలుల కాలంలో సూరత్ పశ్చిమ తీరాన ప్రధానమైన రేవు. హజ్ యాత్రికులు ఇక్కడే ఓడలెక్కేవారు కనుక దీనికి 'బాబుల్ మక్కా', అనగా మక్కా ద్వారం అనే పేరు వచ్చింది. యాత్రికుల విడిది కోసం 1644లో నిర్మించిన మొగల్ సరాయి భవనమే అనంతర కాలంలో సూరత్ నగర పాలక సంస్థకు కార్యాలయమైంది. ఆనాటి పరిపాలనకు ఫార్సీ భాష, సముద్ర వర్తకానికి అరబ్బీ భాష ఆధారం. ఒకే రేవులో గుజరాతీ వర్తకుడు తన ఖాతా పుస్తకాన్ని ఎడమ నుండి కుడికి వ్రాసుకొంటుండగా, సుంకపు అధికారి తన దస్తావేజును కుడి నుండి ఎడమకు వ్రాసేవాడు.

పార్శీల పవిత్ర గ్రంథమైన అవెస్తా లిపి కూడా కుడి నుండి ఎడమకు సాగేదే. ఆంకెటిల్ డ్యుపెరాన్ అనే ఫ్రెంచి యువకుడు 1758లో సూరత్ చేరి, దస్తూర్ దారాబ్ అనే పార్శీ ఆచార్యుని వద్ద శుశ్రూష చేసి, ఆ గ్రంథాన్ని అభ్యసించాడు. 1771లో పారిస్‌లో వెలువడిన ఆయన అనువాదం ద్వారానే ఐరోపా విద్వాంసులకు అవెస్తాతో పరిచయం ఏర్పడింది. హీబ్రూ లిపికి కూడా ఈ నగరంలో చోటు దొరికింది. అలెప్పో నగరవాసి అయిన షాలోమ్ కోహెన్ 1790 ప్రాంతంలో ఇక్కడికి వచ్చి వ్యాపారం సాగించి, 1798లో కలకత్తాకు తరలి అక్కడి యూదు సమాజానికి ఆద్యుడైనాడు.

వీటన్నింటికంటె ఆసక్తికరమైనది దావూదీ బోహ్రాల భాష. దానిని లిసానుద్దావత్ అంటారు. దాని వ్యాకరణం గుజరాతీది. అరబ్బీ, ఫార్సీ పదాలు అందులో విరివిగా చేరినవి. లిపి మాత్రం అరబ్బీ. అరబ్బీలో లేని ప, చ, గ వంటి ధ్వనుల కోసం అదనపు అక్షరాలను చేర్చుకొన్నారు. ఈ సమాజపు ప్రధాన విద్యాపీఠమైన అల్ జామియా తుస్ సైఫియా పంతొమ్మిదవ శతాబ్ది తొలి భాగంలో సూరత్‌లోనే స్థాపితమైంది. కరాచీ, నైరోబి, ముంబయి నగరాలలోనూ దానికి నేడు ప్రాంగణాలున్నవి.

ఇక్కడ ఒక సూక్ష్మమైన అంశాన్ని గమనించవలసి ఉన్నది. సూరత్ బజారులో దుకాణం బోర్డుపై గుజరాతీ ఎడమ నుండి కుడికి నడుస్తుంది. బోహ్రా కుటుంబంలో వ్రాసుకొనే ఉత్తరంలో దాదాపు అదే భాష కుడి నుండి ఎడమకు నడుస్తుంది. కనుక దిశ అనేది భాషకు సంబంధించినది కాదు, లిపికి సంబంధించినది. స్మార్ట్‌ఫోను నిర్మాతలు ఈ చిన్న సత్యాన్ని గ్రహించి ఆచరణలో పెట్టడానికి చాలాకాలమే పట్టింది.

నేటి సూరత్, మన తెలుగువారు

వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబాలు అనేకం కొన్ని తరాలుగా సూరత్‌కు వలసపోయి మరమగ్గాలపై జీవనం సాగిస్తున్నవి. లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా వంటి పేటలలో తెలుగు మాట వినబడని వీధి తక్కువ. నగర పాలక సంస్థ ఆధ్వర్యంలోని ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా, ఆంగ్ల మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమమూ, ఉర్దూ మాధ్యమమూ కూడా ఉండడం ఆ నగరపు ఔదార్యానికి నిదర్శనం. అంటే ఒకే పురపాలక యాజమాన్యం క్రింద ఒక పిల్లవాడు పలకపై ఎడమ అంచు నుండి 'అ' దిద్దుకొంటుంటే, ఇంకొక పిల్లవాడు కుడి అంచు నుండి 'అలిఫ్' దిద్దుకొంటున్నాడు.

కరీంనగర్ ప్రాంతపు కుటుంబాలలో ఒక సోదరుడు సూరత్ మగ్గం మీద, మరొక సోదరుడు దుబాయిలోనో, కువాయిత్‌లోనో ఉండడం కూడా సర్వసాధారణం. సూరత్‌లోని సోదరుని ఇరుగు పొరుగు ఉర్దూ చదువుతారు. గల్ఫ్‌లోని సోదరుని గుర్తింపు కార్డు, పని ఒప్పందం అరబ్బీలో ఉంటవి. సూరత్ వజ్రాల వర్తకులు ఒకవైపు దుబాయితోనూ, మరొకవైపు ఇజ్రాయెల్‌లోని రామత్ గాన్ వజ్ర విపణితోనూ వ్యవహరిస్తారు. అక్కడ ఒకచోట అరబ్బీ, ఇంకొకచోట హీబ్రూ. రెండు దిశల వ్రాత ఒకే ఫోను తెరపైకి రావడం వీరందరికీ నిత్యకృత్యం. అది సక్రమంగా కనిపించకపోతే నష్టపడేది కూలీ డబ్బు, సరుకు లెక్క, ఫోను నంబరు.

యంత్రానికి ఎదురైన నాలుగు చిక్కులు

కుడి నుండి ఎడమకు వ్రాయడం అంటే అక్షరాల వరుసను త్రిప్పి పేర్చడమే కదా అని పైకి తోచవచ్చు. నిజానికి అందులో నాలుగు చిక్కులున్నవి.

మొదటిది, నిల్వచేసే క్రమం. వ్యక్తి మీటలు నొక్కిన క్రమంలోనే అక్షరాలు యంత్రపు జ్ఞాపకంలో నిల్వ ఉండాలి. తెరపై చూపేటప్పుడు మాత్రమే వాటిని కుడి నుండి ఎడమకు పరచాలి. ఆ విధంగా కాక తెరపై కనిపించే క్రమంలోనే నిల్వ చేస్తే, వెదకడం సాధ్యం కాదు, పంక్తి విరిచినప్పుడు వాక్యం తారుమారవుతుంది. పాతకాలపు కంప్యూటర్లలో ఈ అవస్థ చాలాకాలం సాగింది.

రెండవది, అక్షరాల ఆకారం. అరబ్బీలో 28 అక్షరాలు. వీటిలో అధిక భాగం ఒంటరిగా ఒక రూపంలో, పదం మొదట ఒక రూపంలో, నడుమ ఒక రూపంలో, చివర ఒక రూపంలో ఉంటవి. అలిఫ్, దాల్, రే, వావ్ వంటి ఆరు అక్షరాలు మాత్రం తమ తరువాతి అక్షరంతో కలియవు. నిల్వలో అక్షరం ఒక్కటే, తెరపై రూపాలు నాలుగు. మన తెలుగులో 'ర' అక్షరం 'క్ర'లో ఒత్తుగా మారినట్లే ఇదీ. తొలినాళ్ళ ఫోనులు కొన్ని అరబ్బీ అక్షరాల స్థానంలో డొల్ల చతురస్రాలను చూపేవి. మరికొన్ని అక్షరాలను కలపకుండా విడివిడిగా చూపేవి. తెలుగులో ఒత్తులూ గుణింతాలూ ఊడిపోయిన పదాన్ని చదవవలసి వస్తే మనకు ఎట్లా ఉంటుందో, వారికీ అట్లే ఉండేది.

మూడవది, అంకెల దిశ. ఇదే అన్నింటికంటె కఠినమైనది. అంకెలు భారతదేశం నుండి వెళ్ళినవి. అరబ్బులు తాము వాడే అంకెలను నేటికీ 'హిందీ అంకెలు' అనే వ్యవహరిస్తారు. వ్రాత కుడి నుండి ఎడమకు నడిచినా, సంఖ్యలో పెద్ద స్థానం ఎడమవైపే ఉంటుంది. కనుక అరబ్బీ వాక్యంలో సంఖ్య రాగానే దిశ మారుతుంది, సంఖ్య పూర్తికాగానే తిరిగి మొదటి దిశకు వస్తుంది. నడుమ ఒక ఆంగ్ల పదమో, తెలుగు పదమో వచ్చినా అంతే. ఒకే పంక్తిలో రెండు దిశలు ఇట్లా కలగలిసి ఉండడాన్ని ద్విదిశా లేఖనం అనవచ్చు.

నాలుగవది, తెర అమరిక. కుడి నుండి చదివే వ్యక్తికి పేజీ మొదలు కుడివైపు ఉంటుంది. కనుక పట్టిక అంశాల గుర్తులు, వెనుకకు మరలే బాణం, పని ఎంత పూర్తయినదో చూపే గీత అన్నీ అద్దంలో ప్రతిబింబం వలె మారాలి. అయితే అన్నింటినీ మార్చడం కూడా పొరపాటే. గడియారం ముళ్ళు ఏ దేశంలోనైనా ఒకే దిశలో తిరుగుతవి. ఫోనులోని అంకెల పలక మారదు. పాట వినిపించే మీటపై త్రిభుజం గుర్తు టేపు నడిచే దిశను సూచించేది కనుక అదీ మారదు. ఏది మార్చాలో ఏది మార్చకూడదో తెలిసినవాడే ఈ పని సరిగా చేయగలడు.

ఒక సంఖ్య, రెండు పాఠాలు

మూడవ చిక్కును కొంత వివరంగా చూద్దాం. దీని పరిష్కారానికి యూనికోడ్ సంస్థ ఒక నియమావళిని రూపొందించింది. అది యూనికోడ్ ప్రమాణానికి 9వ అనుబంధం. దాని ప్రకారం ప్రతి అక్షరానికీ ఒక స్వభావం ఉన్నది. తెలుగు, ఆంగ్ల అక్షరాలు దృఢంగా ఎడమ నుండి కుడికి నడిచేవి. అరబ్బీ, హీబ్రూ అక్షరాలు దృఢంగా కుడి నుండి ఎడమకు నడిచేవి. అంకెలు దుర్బలమైనవి. తమలో తాము ఎడమ నుండి కుడికి నడచినా, చుట్టూ ఉన్న వాక్యపు దిశను మార్చలేవు. ఖాళీలు, విరామ చిహ్నాలు తటస్థమైనవి. పక్కన ఎవరుంటే వారి దిశను అనుసరిస్తవి.

ఈ నియమం చాలావరకు చక్కగా పనిచేస్తుంది. కాని తటస్థ చిహ్నాల వద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. ఒక ఉర్దూ సందేశంలో ఫోను నంబరును రెండు ముక్కలుగా, 12345 67890 అని వ్రాశారనుకొందాం. నడుమ ఉన్న ఖాళీ ఉర్దూ దిశను అనుసరిస్తుంది. తెరపై అది 67890 12345 అని కనిపిస్తుంది. ఉర్దూ చదువరి కుడి నుండి ముక్కలను చూస్తాడు కనుక అతనికి అర్థం కావచ్చు. అదే సందేశాన్ని పక్కనున్న తెలుగు కార్మికుడు కాగితంపై ఎక్కించుకొంటే నంబరు తప్పుతుంది. దేశ సంకేతంలోని +91 కూడా ఇట్లే 91+ గా కనిపించవచ్చు.

చిన్న అడ్డగీత మరింత చిక్కు కలిగిస్తుంది. ఉర్దూ లేక అరబ్బీ అక్షరాల తరువాత పనివేళలు 9-5 అని వ్రాస్తే తెరపై 5-9 అని కనిపిస్తుంది. అదే చిన్న గీత హీబ్రూ అక్షరాల తరువాత వస్తే వరుస మారదు. తేదీని ఏటవాలు గీతలతో 12/10/2024 అని వ్రాస్తే వరుస నిలుస్తుంది, అడ్డగీతలతో వ్రాస్తే తలక్రిందులవుతుంది. పీడనం 10-15 మధ్య ఉండవలెనని వ్రాసిన సూచన 15-10 అని కనిపిస్తే ఒక వాయు కేంద్రంలో దాని పర్యవసానాన్ని మన సాంకేతిక సిబ్బందికి వేరుగా చెప్పనవసరం లేదు.

దీనికి మందు లేకపోలేదు. సంఖ్యకు ముందూ వెనుకా కంటికి కనిపించని దిశా చిహ్నాలను ఉంచితే, ఆ సంఖ్య చుట్టూ ఉన్న వాక్యంతో సంబంధం లేకుండా తన క్రమంలో తాను నిలుస్తుంది. ఇట్లా వేరుపరచే చిహ్నాలను 2013లో యూనికోడ్ 6.3 రూపంలో చేర్చారు. సాఫ్ట్‌వేర్ వ్రాసేవారు వాటిని మరువకుండా వాడడమే కావలసినది.

కంటికి కనిపించని చిహ్నాలలో దుర్వినియోగానికి లోనయ్యేవి కూడా ఉన్నవి. దిశను బలవంతంగా త్రిప్పే ఒక చిహ్నాన్ని పత్రం పేరులో దూర్చి, అసలు చివర 'ఇ.ఎక్స్.ఇ.' అని ఉన్న హానికరమైన ప్రోగ్రామును చిత్రపటం వలె కనిపింపజేసే మోసం చాలాకాలంగా ఉన్నది. ఇదే పద్ధతిలో ప్రోగ్రాము పాఠాన్ని చదివేవారిని సైతం ఏమార్చవచ్చునని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో నిరూపించారు. అపరిచితుల నుండి వచ్చే పత్రాలను తెరువరాదని మన కంప్యూటరు విభాగం వారు పదేపదే హెచ్చరించడంలో ఇదీ ఒక కారణమని గ్రహించగలరు.

ఎడమ, కుడి కాదు: మొదలు, చివర

యూనికోడ్ ప్రమాణపు తొలి సంపుటం 1991లో వెలువడింది. తెలుగు, అరబ్బీ, హీబ్రూ లిపులు మూడింటికీ అందులో స్థానం లభించింది. అదే సంవత్సరం మన దేశంలో ఇస్కీ అనే ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. బ్రాహ్మీ నుండి పుట్టిన లిపులన్నింటినీ ఇస్కీ ఒకే చట్రంలో ఇమిడ్చింది. ఉర్దూ, సింధీ, కాశ్మీరీ భాషల ఫార్సీ–అరబ్బీ లిపి ఆ చట్రంలో ఒదగలేదు. దానికి వేరే ప్రమాణం అవసరమైంది. ఒక దేశపు భాషలే రెండు సంకేత పట్టికలుగా విడిపోయిన ఆ స్థితి నుండి యూనికోడ్ మనలను బయటపడవేసింది.

అయినా ప్రమాణం కాగితంపై ఉండడం వేరు, ఫోనులో ఉండడం వేరు. 2007లో వెలువడిన తొలి ఐఫోనులో అరబ్బీ కీబోర్డు లేదు. 2009లో దాని మూడవ సాఫ్ట్‌వేర్ రూపంతో అరబ్బీ, హీబ్రూ కీబోర్డులు వచ్చినవి. తెర అమరికను సమగ్రంగా ప్రతిబింబించే సదుపాయం 2015లో ఐ.ఓ.ఎస్. 9తో గాని రాలేదు. ఆండ్రాయిడ్ విషయానికి వస్తే, 2012 మధ్యలో వచ్చిన 4.1 రూపం ద్విదిశా లేఖనాన్ని సక్రమంగా చూపగలిగింది. అదే సంవత్సరం నవంబరులో వచ్చిన 4.2 రూపం తెర అమరికను సైతం త్రిప్పగలిగింది.

ఆ 4.2 రూపంలో జరిగిన ఒక మార్పు చెప్పుకోదగినది. అంతవరకు సాఫ్ట్‌వేర్ వ్రాసేవారు 'ఈ బొమ్మను ఎడమవైపు ఉంచు, ఆ మీటను కుడివైపు ఉంచు' అని ఆదేశించేవారు. ఇకపై 'మొదట ఉంచు, చివర ఉంచు' అని ఆదేశించవలసినదిగా కోరారు. మొదలు ఏవైపో, చివర ఏవైపో చదువరి లిపిని బట్టి ఫోనే నిర్ణయిస్తుంది. మాటలో చిన్న మార్పే, ఆలోచనలో మాత్రం పెద్దది. తమ లిపి దిశయే లోక సహజమని, తక్కినవి మినహాయింపులని భావించే అలవాటును అది తొలగించింది.

తెలుగుకు కలిగిన మేలు

ఈ సంగతులు మనకెందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. ద్విదిశా లేఖనం వచ్చిన అదే ఆండ్రాయిడ్ 4.1 రూపంలోనే తెలుగు, కన్నడం, మలయాళం లిపులకు కూడా స్థానం లభించింది. ఇది కేవలం కాకతాళీయం కాదు. అరబ్బీ అక్షరం ఇరుగు పొరుగులను బట్టి రూపం మార్చుకొంటుంది. తెలుగు అక్షరం కూడా ఒత్తులను, గుణింతాలను బట్టి రూపం మార్చుకొంటుంది. నిల్వలోని అక్షరాల వరుసను తెరపై సరియైన ఆకృతిగా మలచే యంత్రాంగం రెండింటికీ కావాలి.

ఆండ్రాయిడ్ ఫోనులలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. దీని నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించినవారు ఇరాన్‌లో జన్మించిన బెహ్దాద్ ఎస్ఫాహ్బోద్. పేరు ఫార్సీ నుండి వచ్చినదే. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరచి ఉన్నది. తన మాతృభాషా లిపి తెరపై ముక్కలు కాకుండా చూడాలనుకొన్న వారి శ్రమ నుండి ఎదిగిన ఈ సాధనమే నేడు మన ఆండ్రాయిడ్ ఫోనులో 'స్త్రీ' అనే అక్షరాన్ని సరిగా కూర్చి చూపుతున్నది. వరంగల్ తల్లి సూరత్‌లోని కొడుకుకు పంపే తెలుగు సందేశానికి ఫార్సీ పేరుగల ఈ సాధనం తోడ్పడుతున్నదన్నమాట.

కష్టాలలో కూడా ఈ లిపులు తోడుగా నిలిచినవి. 2013లో ఒక అరబ్బీ అక్షర సముదాయం వచ్చినంతనే ఐఫోను యాప్‌లు కుప్పకూలేవి. 2015లో అరబ్బీతో పాటు మరికొన్ని లిపులు కలిసిన ఒక సందేశం ఐఫోనును ఆపివేసేది. 2018 ఫిబ్రవరిలో తెలుగు వంతు వచ్చింది. 'జ్ఞా' అనే అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన సంకేత క్రమంలో పంపితే ఐఫోనులోని సందేశాల యాప్ తెరుచుకొనేది కాదు. ఆ క్రమంలో కంటికి కనిపించని ఒక సంకేతం ఉన్నది. అక్షరాలను కలియనీయకుండా విడదీసే ఆ సంకేతం ఫార్సీ వ్రాతలో నిత్యం అవసరమైనది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న సవరణను విడుదల చేసింది. ఈ మూడు సందర్భాలలోనూ ఆ లిపులు వ్రాసేవారు కొంత పరిహాసానికి గురికావలసి వచ్చింది. లోపం అక్షరానిది కాదనీ, దానిని పరీక్షించకుండా విడిచిన సాఫ్ట్‌వేర్‌దనీ గ్రహించినవారు తక్కువ.

మిగిలి ఉన్న పని

అరబ్బీ లిపిని వ్రాసే శైలులలో నస్ఖ్ ఒకటి, నస్తాలీఖ్ మరొకటి. అరబ్బీ గ్రంథాలు, లిసానుద్దావత్ నస్ఖ్‌లో ఉంటవి. ఉర్దూ చదువరులు మాత్రం నస్తాలీఖ్‌కు అలవాటుపడినవారు. ఇందులో ప్రతి పదమూ కుడి పైనుండి ఎడమ క్రిందికి వాలుగా జారుతుంది. అక్షరపు రూపమే కాక ఎత్తు కూడా పదంలో దాని స్థానాన్ని బట్టి మారుతుంది. 1981లో పాకిస్తాన్‌కు చెందిన అహ్మద్ మిర్జా జమీల్ సుమారు 20,000 అక్షర సంయోగాలను చేతితో వ్రాసి నూరీ నస్తాలీఖ్‌ను రూపొందించిన పిదపనే ఉర్దూ దినపత్రికలు లేఖకుల చేతివ్రాత నుండి యంత్ర ముద్రణకు మారగలిగినవి.

ఫోను తెరకు ఈ వాలు పదాలు సులభంగా లొంగలేదు. పంక్తికి పంక్తికి నడుమ ఎక్కువ జాగా కావాలి, గణన ఎక్కువ కావాలి. గూగుల్ సంస్థ 2014లో నోటో నస్తాలీఖ్ అనే ఫాంటును ఉచితంగా అందించింది. 2017లో ఐ.ఓ.ఎస్. 11తో ఐఫోనులో ఉర్దూకు నస్తాలీఖ్ సహజ రూపమైంది. అయినా అనేక ఫోనులలో ఉర్దూ సందేశం నేటికీ నస్ఖ్‌లోనే కనిపిస్తుంది. చదవలేరని కాదు, చదువుతారు. చిన్ననాట బడిలో దిద్దుకొన్న రూపం కానందున కొంత పరాయితనం తోస్తుందంతే.

లిసానుద్దావత్ స్థితి మరొక రకమైనది. దాని అక్షరాలు యూనికోడ్‌లో ఉన్నవి కనుక వ్రాయడం సాధ్యమే. ఫోను భాషల జాబితాలో మాత్రం గుజరాతీ అంటే గుజరాతీ లిపి అనే అర్థం. భాషతో పాటు లిపిని కూడా విడిగా పేర్కొనే వెసులుబాటు అంతర్జాతీయ భాషా సంకేతాలలో ఉన్నది. నిర్మాతలు దానిని తగినంతగా వినియోగించుకోవడమే మిగిలి ఉన్నది. సింధీ భాషను దేవనాగరిలో వ్రాసేవారూ, అరబ్బీ లిపిలో వ్రాసేవారూ గుజరాత్‌లో ఇరుగు పొరుగున ఉన్నారు. అక్కడా అవసరం ఇదే. ఇక సూరత్‌లో డ్యుపెరాన్ అభ్యసించిన అవెస్తా లిపి 2009లో యూనికోడ్‌లో చేరింది. రాజభాష కాని, బజారు భాష కాని కాని ఒక ప్రార్థనా లిపికి సైతం ఫోనులో చోటు దొరకడం సంతోషించదగిన విషయం.

మన కర్తవ్యం

మన దేశంలో అమ్మే ప్రతి ఫోనూ షెడ్యూలులోని 22 భాషల సందేశాలను చదవదగిన రీతిలో చూపాలని, ఆంగ్లం, హిందీలతో పాటు కనీసం మరొక భారతీయ భాషలో వ్రాసే వీలు కల్పించాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 16333 మూడవ భాగం నిర్దేశిస్తుంది. దీనిని తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2016 అక్టోబరులో ఉత్తర్వు వెలువరించింది. ఆ 22 భాషలలో ఉర్దూ, కాశ్మీరీ, సింధీ ఉన్నవి కనుక, కుడి నుండి ఎడమకు సాగే లిపిని చూపడం మన దేశంలో ఏ నిర్మాత ఐనా నెరవేర్చవలసిన విధి.

అయితే ఆ ప్రమాణం ఫోనుకు సంబంధించినది. ఫోనులో నడిచే యాప్‌ల బాధ్యత వాటిని తయారు చేయించే సంస్థలది. వినియోగదారుల బిల్లులు, గ్యాసు బుకింగు, ఫిర్యాదుల నమోదు, ఒప్పంద కార్మికుల హాజరు, భద్రతా సూచనలు నేడు ఫోను ద్వారానే సాగుతున్నవి. వాటిని నిర్మింపజేసే ప్రభుత్వ రంగ సంస్థలు కొన్ని జాగ్రత్తలు తీసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము. టెండరు పత్రంలోనే ద్విదిశా లేఖనాన్ని ఒక షరతుగా చేర్చాలి. సంఖ్యలను, తేదీలను, ఫోను నంబర్లను దిశా చిహ్నాలతో వేరుపరచాలి. 'ఎడమ, కుడి' అనే ఆదేశాలకు బదులు 'మొదలు, చివర' అనే ఆదేశాలనే వాడాలి. అన్నింటినీ మించి, ఆ భాషను చిన్ననాటి నుండి చదివిన ఒక ఉద్యోగి చేత తుది పరీక్ష చేయించాలి. అనువాదం సరిచూచినంత మాత్రాన ఈ లోపాలు బయటపడవు. అక్షరం తప్పు లేకుండానే అంకె తప్పు రావచ్చును.

ఇదంతా కొద్దిమంది కోసం చేసే అదనపు ఖర్చు అని అనుకోవడం సరికాదు. ఒకప్పుడు ఫోను నిర్మాతల దృష్టిలో తెలుగువారము కూడా ఆ కొద్దిమందిలోనే ఉండేవారము. 2012కు పూర్వం ఫోనులో తెలుగు సందేశం వస్తే డొల్ల గడులను చూచి పెదవి విరిచిన అనుభవం మన పాఠకులలో అనేకులకు ఉండి ఉంటుంది. ఆ గడులు అక్షరాలైనది ఇతర లిపులవారు తమ కోసం చేసుకొన్న కృషిలో మనకూ పాలు దక్కినందువల్లనే.

హజీరా వంటి పారిశ్రామిక కేంద్రంలో ఒక సాయంత్రం అపాయ సూచన వెలువడితే, అది ఏకకాలంలో గుజరాతీ, హిందీ, ఒడియా, తెలుగు, ఉర్దూ చదివే చేతులలోని ఫోనులకు చేరవలసి ఉంటుంది. ఏ ద్వారం నుండి బయటికి పోవాలో, ఏ నంబరుకు ఫోను చేయాలో ప్రతి ఒక్కరూ మొదటి చూపులోనే తప్పు లేకుండా చదువుకోగలగాలి. ఆ పరీక్షను అపాయం రాకముందే, కార్యాలయంలో, ఉర్దూ చదివే సహోద్యోగిని ప్రక్కన కూర్చోబెట్టుకొని ముగించుకొనడం మనందరి బాధ్యత.